అర్ధరాత్రి క్యాజువాల్టీలో ఎవరి నొప్పి నొప్పి?

(హైదరాబాద్ బాగ్‌లింగంపల్లిలో వైద్య విద్యార్థులు, నర్సులు, ప్రజారోగ్య కార్యకర్తల ముందు ఒక రిటైర్డ్ మత్తు డాక్టరు చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం. తడబాట్లు తప్ప ఏమీ తీసేయలేదు.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండమ్మా, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. హౌస్ సర్జన్లు చివరి వరసలోనే కూర్చుంటారని నాకు తెలుసు, కునుకు తీయడానికి వీలుగా ఉంటుందని. తీయండి, నేనేమీ అనుకోను. రాత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చినవాళ్లు మీలో ఉంటారు. అసలు ఇవాళ నేను మాట్లాడబోయేది మీ నిద్ర గురించే. మీ నిద్రకీ, స్ట్రెచర్ మీదున్న మనిషికి నొప్పి మందు అందడానికీ సంబంధం ఉంది. ఆ మనిషి ఎవరు, ఏ ఊరు, వెంట ఎవరొచ్చారు, ఏ భాష మాట్లాడుతున్నాడు, వీటికీ ఆ మందుకీ సంబంధం ఉంది. ఈ రెండు సంగతులూ విడివిడిగా మీకు తెలిసినవే. రెండూ కలిసినప్పుడు ఏమవుతుందో, ఇవాళ ఆ మాట మాట్లాడుకుందాం.

నేను మత్తు డాక్టర్ని. ఆపరేషన్ చేసిన సర్జన్ పేరు పేషెంటుకు జీవితాంతం గుర్తుంటుంది, మా ముఖం కూడా గుర్తుండదు. ఈ వయసులో దానికి బాధపడనులెండి. కానీ ఒక లాభం ఉంది. మమ్మల్ని ఎవరూ పట్టించుకోరు కాబట్టి, ఎవరికి ఇంజెక్షన్ తొందరగా పడింది, ఎవరు గోడవైపు తిరిగి పడుకున్నారు, అన్నీ మా కంట పడతాయి.

ముందు కాస్త చరిత్ర. మన ఊరిదే. అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రి ఉంది కదా, ఇప్పుడున్న ఆ పెద్ద భవనం రాకముందు, 1908 మూసీ వరద కన్నా ముందు, అక్కడ అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఉండేది. ఆ రోజుల్లో ఆపరేషన్‌కు ముందు పీల్పించే మత్తుమందు క్లోరోఫామ్. దాని మీద ప్రపంచమంతా పెద్ద వాదం నడిచింది. క్లోరోఫామ్ ఇస్తే కొందరు బల్ల మీదే చనిపోతున్నారు. ముందు ఆగేది గుండెనా, ఊపిరా? ఇది తేల్చడానికి 1888లో ఒకసారి, 1889లో మళ్లీ ఒకసారి, కమిషన్ ఎక్కడ కూర్చుందనుకున్నారు? మన హైదరాబాద్‌లో. ఆరో నిజాం డబ్బిచ్చారు. రెండోసారి లండన్ నుంచి లాన్సెట్ అనే వైద్య పత్రిక తరఫున లాడర్ బ్రంటన్ అనే పేరున్న డాక్టరు ఓడెక్కి వచ్చారు. రూపాబాయి ఫర్దూన్‌జీ గారి పేరు మీలో ఎంతమంది విన్నారు? ప్రపంచంలోనే మొదటి మహిళా మత్తు డాక్టర్లలో ఒకరు. ఆ ఆసుపత్రిలోనే పనిచేశారు. ఆవిడ పేరు మన పిల్లలకు తెలియదు. అది ఇంకో రోజు మాట్లాడుకోవాల్సిన సంగతి.

ఆ కమిషన్ నడిపింది ఎడ్వర్డ్ లారీ. ఆయన ఏం తేల్చారంటే, ఊపిరిని చూసుకుంటే చాలు, నాడి పట్టుకుని కూర్చోనక్కర్లేదు అన్నారు. విద్యార్థులకూ అదే నేర్పారు. 1911లో లెవీ అనే ఆయన ప్రయోగాలు చేసి, క్లోరోఫామ్ కొద్దిపాటి మత్తులోనే గుండె లయను చెడగొట్టి మనిషిని చంపగలదని చూపించారు. లారీ నిర్లక్ష్యపు మనిషా అంటే కాదు, చాలా శ్రద్ధగల డాక్టరు. కానీ నాడి మీద వేలే పెట్టవద్దని ముందే అనుకున్నాక, నాడిలో ఏం జరుగుతోందో ఎట్లా తెలుస్తుంది? ఈ ముక్క పక్కన పెట్టుకోండి. మళ్లీ పనికొస్తుంది.

ఇప్పుడు లాస్ ఏంజెలెస్ వెళ్దాం. 1993. ఒక యూనివర్సిటీ ఆసుపత్రి ఎమర్జెన్సీకి చెయ్యో కాలో విరిగి వచ్చినవాళ్ల కేస్ షీట్లు తీసి టాడ్ అనే డాక్టరు, ఆయన సహచరులు లెక్క చూశారు. వాళ్లు దేన్ని ఎంచుకున్నారో చూడండి. తలనొప్పి తీసుకోలేదు, నడుంనొప్పి తీసుకోలేదు. విరిగిన ఎముక తీసుకున్నారు. ఎక్స్‌రేలో కనపడుతుంది. నటిస్తున్నాడు అనడానికి వీల్లేదు. అట్లాంటి నొప్పికి కూడా మందు అసలే అందనివాళ్లు తెల్లవాళ్లలో నూటికి 26 మంది ఉంటే, లాటిన్ అమెరికా మూలాలున్నవాళ్లలో 55 మంది. అదే ఆసుపత్రి, అవే ఎముకలు, వాళ్లే డాక్టర్లు. 2000లో ఆయనే అట్లాంటాలో నల్లవాళ్ల లెక్క తీశారు. విరిగిన ఎముకకు తెల్లవాళ్లలో నూటికి 74 మందికి మందు అందింది, నల్లవాళ్లలో 57 మందికి.

ఆడవాళ్ల సంగతి కూడా చెప్పేస్తాను. 2008లో ఫిలడెల్ఫియాలో కడుపునొప్పితో ఎమర్జెన్సీకి వచ్చినవాళ్లను చూశారు. మగవాళ్లకు నొప్పి మందు పడడానికి 49 నిమిషాలు, ఆడవాళ్లకు 65. పదహారు నిమిషాలేగా అంటారా? ఇంటికెళ్లాక వేడి పెనం అంచు చేతికి తగిలినప్పుడు గడియారం చూడండి.

మరి ఆ డాక్టర్లందరూ చెడ్డవాళ్లేనా? నా అనుభవంలో చెడ్డ డాక్టర్లు తక్కువ. ఉన్నారు, లేరని అనను. కానీ కొద్దిమంది చెడ్డవాళ్లతో ఇంత పెద్ద తేడా రాదు. 2016లో వర్జీనియా యూనివర్సిటీలో తెల్ల వైద్య విద్యార్థుల్ని, జూనియర్ డాక్టర్లని కొన్ని ప్రశ్నలు అడిగారు. నల్లవాళ్ల చర్మం మందంగా ఉంటుందా, వాళ్ల నరాలకు స్పర్శ తక్కువా, ఇట్లాంటివి. సగం మంది ఇందులో ఒక్కటన్నా నిజమే అన్నారు. చదువుకున్నవాళ్లే, అనాటమీ పాసైనవాళ్లే. అట్లా నమ్మినవాళ్లు, నల్ల పేషెంటు నొప్పికి తక్కువ మార్కులేశారు, మందు కూడా సరిగ్గా రాయలేదు.

ఇదంతా అమెరికా గొడవ, మనకేంటి అనుకుంటున్నారు కదా? సరే, ఒక పని చేద్దాం. "కష్టం చేసే ఒళ్లు, తట్టుకుంటాడులే" అన్న మాట వార్డులో ఒక్కసారి కూడా విననివాళ్లు చెయ్యెత్తండి. ఎవరూ లేరా? "ఊళ్లోవాళ్లకు ఓర్పెక్కువ." విన్నారు. "నలుగురిని కన్నది, ఈమెకు ఇదో లెక్కా?" విన్నారు. "ఎక్కువ చేస్తోంది, టెన్షన్ కేసు." ఇదైతే రోజూ వింటారు. మందమైన చర్మం అనే మాట మనం అనం. అనకుండానే అదే నమ్ముతాం.

ఇంకోటి గమనించండి. పాలమూరు నుంచి వచ్చిన మేస్త్రీ కూలీ కాలు విరిగి వస్తాడు. పళ్ల బిగువున నొప్పి పట్టుకుని, చప్పుడు చేయకుండా కూర్చుంటాడు. పెద్ద డాక్టర్ల ముందు అరిస్తే బాగుండదని అతని మర్యాద. మనం ఏం రాస్తాం? నొప్పి పెద్దగా లేదు. ఆ పక్కనే బస్తీ నుంచి వచ్చిన ఒకావిడ గుండెలు బాదుకుని ఏడుస్తుంది. అప్పుడేమంటాం? డ్రామా. ఊరుకున్నవాడికి నొప్పి లేదు, ఏడ్చినావిడకి నొప్పి లేదు. మరి మనకు నచ్చినట్టు నొప్పి పడేదెవరు? సరిగ్గా మనలాగా మాట్లాడేవాళ్లు. "డాక్టర్, పెయిన్ పదికి ఏడు దాకా ఉంది, మోకాలు నుంచి కింద దాకా రేడియేట్ అవుతోంది" అని చెప్పగలిగినవాళ్లు. ఒడిశా నుంచి ఇటుక బట్టీకి వచ్చినతను, ఆదిలాబాద్ నుంచి వచ్చిన గోండు పెద్దాయన, వాళ్లు ఏ భాషలో ఏడని చెప్తారు?

ఇక అసలు విషయానికి వస్తాను. మనసు మీద భారం. ఒక చిన్న ఆట ఆడదాం. నేనొక అంకె చెప్తాను, రాసుకోవద్దు, మనసులో పెట్టుకోండి. నాలుగు, ఏడు, ఒకటి, తొమ్మిది, మూడు, సున్నా, ఆరు. పెట్టుకున్నారా? అది వదలకుండా నా మాట వినండి. 1956లో జార్జ్ మిల్లర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, మనిషి ఒక్కసారికి మనసులో పట్టుకోగలిగేది ఏడు విషయాలు, ఒకటో రెండో అటూ ఇటూ అన్నారు. తర్వాత వచ్చినవాళ్లు ఇంకా తగ్గించి, నాలుగే అన్నారు. ఎంతైనా సరే, కొద్దివే. జాగా నిండిపోయాక కొత్త విషయం వస్తే మనసు ఏం చేస్తుంది? ఆలోచించడం మానేసి, ఇదివరకే తయారుగా ఉన్న జవాబు తీసి ఇస్తుంది. ఆ తయారు జవాబు ఎక్కడిది? ఇంట్లో విన్నది, బళ్లో విన్నది, సీనియర్లు అన్నది. కులం, కార్డు, బట్టలు, యాస చూసి వేసే అంచనా. మామూలప్పుడు మనమే దాన్ని పట్టుకుని, ఆగు, ఇది నిజమేనా అని అడుగుతాం. భారం పెరిగినప్పుడు అడిగే మనిషి లోపల ఉండడు.

సరే, ఆ అంకె ఏంటి? చెప్పండి. మీరు చెప్పండి బాబూ. నాలుగు, ఏడు, ఒకటి... అంతేనా? అక్కడ సిస్టర్ చెప్పేసింది! సిస్టర్లకు మందుల లెక్క అలవాటు, వాళ్లతో పోటీ పెట్టుకోకండి. ఇప్పుడు అంకె గుర్తున్నవాళ్లు ఇంకోటి చెప్పండి. నాలుగే అన్నది ఎప్పటివాళ్లు, మిల్లరా, తర్వాతివాళ్లా? చూశారా, అంకె పట్టుకున్నవాళ్లు మాట వదిలేశారు. ఇక్కడ మీ పక్కన ఎవరూ ఏడవట్లేదు. కానిస్టేబుల్ సంతకం అడగట్లేదు.

దీన్నే డయానా బర్జెస్ అనే పరిశోధకురాలు డాక్టర్ల మీద పరీక్షించారు. 2014లో అచ్చయింది. 98 మంది డాక్టర్లు. కాగితం మీద ఒక పేషెంటు, ఎప్పటినుంచో నడుంనొప్పి. కొందరికి నల్ల పేషెంటు అని ఇచ్చారు, కొందరికి తెల్ల పేషెంటు అని. వాళ్లలోనే కొందరి మనసు మీద భారం పెట్టారు, కొందరికి పెట్టలేదు. ఓపియాయిడ్, అంటే మార్ఫిన్ జాతి మందు, రాస్తారా రాయరా? భారం లేని మగ డాక్టర్లు నల్ల పేషెంట్లకే ఎక్కువగా రాశారు. సుమారు నూటికి 31, తెల్లవాళ్లకు 11. భారం పెట్టేసరికి తిరగబడింది. నల్లవాళ్లకు 12, తెల్లవాళ్లకు 30. ఆడ డాక్టర్లలో ఇట్లా కాలేదు. వాళ్లు భారం ఉన్నా లేకున్నా నల్ల పేషెంట్లకే ఎక్కువ రాశారు, భారం ఉన్నప్పుడు ఇంకా ఎక్కువ.

చూశారా, పరీక్షలో రాసే జవాబులాగా నీటుగా రాలేదు. నాకు ఇది నచ్చింది అందుకే. చిన్న పరిశోధన, కాగితం మీది పేషెంటు. పైగా ఎప్పటినుంచో ఉన్న నడుంనొప్పికి ఓపియాయిడ్ రాయడం మంచి వైద్యమా అంటే, చాలాసార్లు కాదు. ఆ మందుల వ్యసనంతో అమెరికా ఎంత నష్టపోయిందో మీకు తెలుసు. కాబట్టి ఎవరికి ఎక్కువ రాశారన్న లెక్క వదిలేయండి. నడుం అదే, రిపోర్టు అదే. పేషెంటు రంగు మారితే నిర్ణయం మారింది. డాక్టరు మనసు మీద బరువు పడితే అది మళ్లీ మారింది. ఇంత అస్థిరంగా ఉన్నదాన్ని మనం క్లినికల్ జడ్జిమెంట్, అంటే డాక్టరు విచక్షణ, అని పేరు పెట్టి గౌరవంగా పిలుచుకుంటున్నాం.

ఇంకో రెండు చెప్తాను, ఒకటికొకటి ఎదురు నిలబడేవి. జెరూసలేంలో, 2022లో వచ్చింది. 26 గంటల డ్యూటీ చేసి దిగిన డాక్టర్లని, అప్పుడే డ్యూటీ ఎక్కినవాళ్లని పోల్చారు. దిగినవాళ్లకు ఎదుటివాళ్ల నొప్పి తక్కువగా కనపడింది. తర్వాత ఇజ్రాయెల్‌లో, అమెరికాలో ఎమర్జెన్సీల్లో వేలకొద్దీ డిశ్చార్జి కాగితాలు చూస్తే, పగలు కన్నా రాత్రి నొప్పి మందు తక్కువ రాశారు. ఇది మనం ఊహించేదే. ఇక రెండోది, 2019లో అమెరికాలో మామూలు క్లినిక్కుల మీద వచ్చింది. నొప్పితో వచ్చినవాళ్లలో, పొద్దున మొదటి పేషెంట్లకు నూటికి 4 మందికి ఓపియాయిడ్ రాస్తే, రోజు గడిచి ఇరవయ్యో పేషెంటు దగ్గరికి వచ్చేసరికి 5.3 అయింది. అంటే అలసిపోయినకొద్దీ ఎక్కువ రాశారు.

ఒకచోట అలసిపోతే మందు తగ్గింది, ఇంకోచోట పెరిగింది. ఏంటి దీనర్థం? నాకైతే ఇందులో వింతేమీ కనపడదు. అలసిన మనిషి ఆ చోట ఏది సులువో అది చేస్తాడు. ఆ క్లినిక్కులో సులువైంది చీటీ రాసి పంపించేయడం. నొప్పి గురించి పేషెంటుతో పదిహేను నిమిషాలు మాట్లాడటం కష్టం. రాత్రి ఎమర్జెన్సీలో సులువైంది ఆ మంచం దాటి పోవడం.

మరి మన దగ్గర ఏది సులువు? ఇది ఒకటి వివరంగా చెప్పనివ్వండి, ఎందుకంటే పరిశోధనలన్నీ అక్కడివి, క్యాజువాల్టీ మాత్రం మనది.

రాత్రి రెండున్నర అనుకోండి. ఒక హౌస్ సర్జన్. నిన్న పొద్దున తొమ్మిదికి వచ్చింది. ఎం.ఎల్.సి., అంటే పోలీసు కేసు కాగితం, రాస్తోంది, యాక్సిడెంట్ కేసు కాబట్టి ఒక్క అక్షరం తప్పు పోకూడదు, కోర్టుకు పోయేది. కానిస్టేబుల్ సంతకం కోసం నిలబడ్డాడు. బ్లడ్ బ్యాంకు ఫారం సగంలో ఉంది. వెంటిలేటర్ బెడ్ కోసం ఫోన్ చెవిలో ఉంది. ఆరోగ్యశ్రీ కాగితాల కోసం ఒకతను మూడోసారి వచ్చాడు. ఇప్పుడు స్ట్రెచర్ మీద ఇద్దరున్నారు, ఇద్దరికీ కాలి ఎముక విరిగింది. ఒకతను బైకు మీంచి పడ్డ సాఫ్ట్‌వేర్ అబ్బాయి. వెంట నలుగురు దోస్తులు. ఒకడు గూగుల్ చూసి మందు పేరు చెప్తున్నాడు, ఒకడు మామయ్య కార్పొరేటర్ అంటున్నాడు, ఒకడు ఫోన్‌లో వీడియో తీస్తున్నాడు. రెండో అతను స్లాబు మీంచి పడ్డ కూలీ. తీసుకొచ్చిన ఆటోవాడు వెళ్లిపోయాడు.

మన దగ్గర మార్ఫిన్ ఎక్కడుంటుంది? అల్మరాలో, తాళంలో. తాళంచెవి ఇన్‌చార్జి సిస్టర్ దగ్గర. సిస్టర్ పై వార్డులో ఉంది. రిజిస్టర్లో పేరు, ఆసుపత్రిలో చేరిన ఐ.పి. నంబరు, మోతాదు రాయాలి, ఇద్దరు సంతకం పెట్టాలి, ఖాళీ మందు సీసా వెనక్కి ఇచ్చి లెక్క అప్పజెప్పాలి. తేడా వస్తే ఎంక్వయిరీ. ఒక ఇంజెక్షన్‌కి ఇరవై నిమిషాల పని. ఆ అమ్మాయి ఎవరి కోసం ఆ ఇరవై నిమిషాలు పెడుతుంది? ఎవరిని కాదంటే గొడవవుతుందో వాళ్ల కోసం. నేనామెని తప్పు పట్టట్లేదు. ఆమె మనసులో కులమూ లేదు, ద్వేషమూ లేదనే అనుకుందాం. ఉన్నదల్లా అలసట. ఆ కూలీకి తాళంలో లేని మామూలు నొప్పి మందు, డైక్లో ఇంజెక్షన్ ఒకటి పడుతుంది, అదీ పడితే. "ఓర్చుకో పెద్దాయనా, పొద్దున సార్లు వస్తారు" అంటుంది. ఆ మాటలో ప్రేమ కూడా ఉంటుంది, చూడండి. పెద్దాయనా అంటుంది. కానీ కాలు కదిలినప్పుడల్లా అతని ప్రాణం పోతుంటుంది.

అలసట అందరు పేషెంట్ల మీదా సమానంగా పడితే నేను ఇంతసేపు మాట్లాడనక్కర్లేదు, డ్యూటీలు తగ్గించండి అని ఒక అర్జీ పెట్టి ఊరుకునేదాన్ని. అట్లా పడదు. ఎవరిని వదిలేయడం సులువో సమాజం ముందే తేల్చి పెట్టింది. మనం అలసిపోయి ఆ తేల్చినదాన్ని అమలు చేస్తాం. అడిగేవాళ్లు లేని పేషెంటు, మన భాష రాని పేషెంటు, ఒంటరి ఆడమనిషి. మీ వార్డులో రేపు పొద్దున రౌండ్స్‌లో చూడండి, రాత్రి ఎవరికి మందు పడలేదో.

లేబర్ రూమ్ గురించి ఎక్కువ చెప్పను, చెప్తే కోపం వస్తుంది. 1853లో విక్టోరియా రాణికి ఎనిమిదో కాన్పులో జాన్ స్నో క్లోరోఫామ్ ఇచ్చారు. రాణికి నొప్పి తగ్గించవచ్చా అని అప్పుడు చర్చ జరిగింది. మనల్ని ఏలిన రాణి సంగతి అది. ఇన్నేళ్ల తర్వాత మన కాన్పుల వార్డులో ఒక పంతొమ్మిదేళ్ల పిల్ల అరిస్తే ఏమంటున్నారు? నేను ఈ మైకులో చెప్పలేను. ఇక్కడున్న అమ్మలకు తెలుసు. అదే పిల్ల పెద్ద ప్రైవేటు ఆసుపత్రిలో ఉంటే, నొప్పి తెలియకుండా వెన్నులో మందు, ఎపిడ్యూరల్ కావాలా మేడమ్ అని మేమే వెళ్లి అడుగుతాం. నొప్పి అదే కదా?

మార్ఫిన్ మాట వచ్చింది కాబట్టి. మన దేశంలో గసగసాల పంట మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో ప్రభుత్వ లైసెన్సుతో పండుతుంది. మార్ఫిన్ వచ్చేది నల్లమందు నుంచే, దాన్ని చట్టబద్ధంగా తీసే దేశాల్లో మనది ముందు వరస. అయినా 2017లో లాన్సెట్ కమిషన్ లెక్క కట్టినప్పుడు, తీవ్రమైన బాధలో ఉన్న మన పేషెంట్లకు కావాల్సిన ఓపియాయిడ్ మందులో అందేది నూటికి 4 వంతులు అని తేలింది. 1985లో వచ్చిన మాదకద్రవ్యాల చట్టానికి, అదే ఎన్.డి.పి.ఎస్. చట్టానికి, భయపడి ఆసుపత్రులు మార్ఫిన్ తెప్పించడమే మానేశాయి. 2014లో సవరణ చేసి లైసెన్సులు సులువు చేశారు. భయం మాత్రం అట్లాగే ఉంది. రెడ్ హిల్స్‌లో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో నోటి మార్ఫిన్ ఇస్తూ పాలియేటివ్ కేర్, అంటే బాధ తగ్గించే వైద్యం, నడుపుతున్నారు, జిల్లాల్లో కూడా కేంద్రాలు వచ్చాయి. క్యాన్సర్ నొప్పికి దారి పడింది. విరిగిన కాలికి ఇంకా పడలేదు.

ఏం చేద్దాం మరి? డాక్టర్లకు కరుణ మీద క్లాసు పెడదాం అంటారు కొందరు. పెట్టండి, తప్పులేదు, టీ బిస్కట్లు కూడా పెట్టండి. రాత్రి రెండున్నరకి ఆ క్లాసు గుర్తు రాదు. మనసు నిండిపోయి ఉన్నప్పుడు, ఆ మనసు మీదే ఇంకో బాధ్యత పెడితే ఎట్లా?

నేను చెప్పేది తిరగేసి చేయమని. మొదటి డోసు నిర్ణయాన్ని అలసిన మనసు నుంచి తీసేయండి. అమెరికాలో బాల్టిమోర్‌లో జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో ఒక పని చేశారు. నొప్పికి కాదు, కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు విషయంలో. పేషెంటును చేర్చుకునేటప్పుడు కంప్యూటర్లో ఒక చెక్‌లిస్ట్ నింపితే గానీ ముందుకు పోదు. అంతకుముందు జాతిని బట్టి, ఆడా మగా అన్నదాన్ని బట్టి మందు అందడంలో తేడా ఉండేది. చెక్‌లిస్ట్ వచ్చాక ఆ తేడా పోయింది. ఎవరి మనసూ మార్చలేదు. కాగితం మార్చారు.

మనకు కంప్యూటర్ కూడా అక్కర్లేదు. కేస్ షీటులో బీపీ, పల్స్, టెంపరేచర్ రాసే గడి ఉంటుంది కదా. దాని పక్కన నొప్పి గడి ఒకటి. సున్నా నుంచి పది. చదువు రానివాళ్లకు, భాష రానివాళ్లకు, పిల్లలకు ముఖాల బొమ్మలు. అది ట్రయాజ్‌లో, అంటే వచ్చినవాళ్లలో ఎవరిని ముందు చూడాలో తేల్చే చోట, నర్సు నింపాలి, డాక్టరు వచ్చేదాకా ఆగకూడదు. ఎముక విరిగిందనో, ఒళ్లు కాలిందనో కనపడుతుంటే, అలర్జీ ఉందా, కిడ్నీ లివర్ సంగతేంటి అని ఆ నాలుగు ప్రశ్నలు అడిగి, ముందే సంతకం చేసి పెట్టిన స్టాండింగ్ ఆర్డర్ మీద మొదటి డోసు నర్సు వేసేయాలి. ఎవరూ అడగనక్కర్లేదు. ఇవ్వకూడదనుకుంటే డాక్టరు కారణం రాయాలి. ఇప్పుడు ఇవ్వాలనుకుంటే ఇరవై నిమిషాల పని, ఇవ్వకపోతే ఏమీ లేదు. దాన్ని తిరగేయండి. అరగంట తర్వాత మళ్లీ అడిగి, ఆ గడిలో రెండో అంకె వేయాలి. రెండో అంకె లేని షీటుని పొద్దున రౌండ్స్‌లో పక్కకు తీయండి. అంతే.

లారీ కథ పక్కన పెట్టుకోమన్నాను కదా. నాడి చూడవద్దనుకున్నాడు, నాడి కనపడలేదు. మన షీటులో నొప్పికి గడి లేదు.

మార్ఫిన్ తాళం సంగతి అట్లాగే. చట్టం లెక్క అడుగుతుంది, అడగనివ్వండి. తాళంచెవి రాత్రిపూట క్యాజువాల్టీలోనే డ్యూటీ సిస్టర్ దగ్గర ఉండకూడదని ఏ చట్టంలో ఉంది? అది మన అలవాటు.

ఇది ఒక ముక్కే. ఇంకో ముక్క డ్యూటీ గంటలు. 1992లో కేంద్రం రెసిడెంట్ డాక్టర్ల పథకంలో ఒకేసారి 12 గంటలు, మామూలుగా వారానికి 48 గంటలకు మించకూడదని రాసింది. నవ్వుతున్నారేంటి? నిజంగానే ఉంది. 2017లో ఒక పరిశోధన ప్రపంచమంతా లెక్కేస్తే, మొదటి దశ వైద్యంలో ఒక్కో పేషెంటుకు డాక్టరు ఇచ్చే సమయం బంగ్లాదేశ్‌లో 48 సెకన్లు, స్వీడన్‌లో 22 నిమిషాలు దాటింది. మనం ఎవరికి దగ్గరో మీకే తెలుసు. మంచాలు పెంచుతున్నామని పేపర్లో వేసేటప్పుడు నర్సుల పోస్టులు ఎన్ని నింపారో కూడా అడగండి. ప్రజారోగ్య సంఘాలవాళ్లు ఇక్కడున్నారు, ఇది మీరు అడగాల్సిన ప్రశ్న. మేం అడిగితే ట్రాన్స్‌ఫర్ చేస్తారు. నన్ను ఇప్పుడు చేయలేరు, అది వేరే సంగతి.

నొప్పి గడి ఉన్న షీటు నమూనా తలుపు దగ్గర బల్ల మీద పెట్టాను. ఒకే పేజీ, తెలుగులో ఒకవైపు, ఉర్దూలో ఇంకోవైపు. జిరాక్స్ తీసుకోవచ్చు, పేరు వేయనక్కర్లేదు. ముఖాల బొమ్మల కింద మీ వార్డుకు ఎక్కువగా వచ్చేవాళ్ల భాష ఒకటి చేర్చుకోండి. ఇక ప్రశ్నలు. ముందు సిస్టర్లు అడగండి, ఆ తర్వాత డాక్టర్లు. లేదు బాబూ, చెయ్యి దించు, ముందు సిస్టర్లు.